ఆ రోజు విమానంలో రెండో మనిషి

1980 వేసవి. కాలిఫోర్నియాలో మాంటెరీ అఖాతం ఒడ్డున పసిఫిక్ గ్రోవ్ అనే చిన్న ఊరు. లైట్‌హౌస్ అవెన్యూలో 801 నంబరు ఇల్లు. విక్టోరియా రాణి కాలపు తరహాలో కట్టిన పాతకాలపు ఇల్లు. దారిన పోయేవాళ్లెవరూ దాన్ని కంపెనీ ఆఫీసు అనుకోరు. కానీ అప్పట్లో అమెరికాలో అమ్ముడవుతున్న చిన్న కంప్యూటర్లలో లెక్కలేనన్ని ఏ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తున్నాయో, ఆ సాఫ్ట్‌వేర్ పుట్టిల్లు అదే. కంపెనీ పేరు డిజిటల్ రీసెర్చ్.

ఆ రోజు ఐబీఎం మనుషులు ఆ ఇంటి మెట్లెక్కారు. బృందానికి పెద్ద జాక్ శామ్స్. వచ్చిన పనేమిటో చెప్పకముందే ఒక ఒప్పందపత్రం తీసి ముందు పెట్టారు. దాని మీద సంతకం పడితేనే మాటలు మొదలవుతాయి.

పత్రం చేతిలోకి తీసుకున్నది డొరతీ మెక్‌ఎవెన్. కంపెనీ యజమాని గ్యారీ కిల్డాల్ భార్య. వ్యాపారం, బేరసారాలు, ఒప్పందాలు అన్నీ ఆమే చూసుకునేది. షరతులు ఒకవైపే మొగ్గి ఉన్నాయి. ఐబీఎం నోట వచ్చిన ప్రతి మాటనూ వీళ్లు రహస్యంగా ఉంచాలి. వీళ్లు చెప్పేదానికి మాత్రం అలాంటి రక్షణ లేదు. వచ్చినవాళ్లు ప్రపంచంలోకెల్లా పెద్ద కంప్యూటర్ కంపెనీవాళ్లే కావచ్చు. అయినా ఆమె వెంటనే కలం తీయలేదు. కంపెనీ లాయరు గెర్రీ డేవిస్‌ను సంప్రదించింది. సంతకం చేయాలా వద్దా అన్న దగ్గరే గంటలు గడిచిపోయాయి.

సరిగ్గా ఆ వేళకు గ్యారీ కిల్డాల్ ఊళ్లో లేడు. తన చిన్న విమానాన్ని తానే నడుపుకుంటూ ఉత్తరాన ఓక్లండ్ వైపు వెళ్లాడు.

కంప్యూటర్ల చరిత్ర చెప్పేవాళ్లు ఇక్కడ కథ ఆపేస్తారు. ఐబీఎం తలుపు తట్టిన రోజున గ్యారీ విమానంలో షికారు కొడుతున్నాడట, ఆ షికారు వల్లే ప్రపంచం మైక్రోసాఫ్ట్ చేతిలోకి వెళ్లిపోయిందట. నలభై ఏళ్లుగా పత్రికల్లో, ఉపన్యాసాల్లో, వ్యాపార పాఠాల్లో ఈ ఒక్క వాక్యం తిరుగుతూనే ఉంది. ఒక మనిషి జీవితకాలపు శ్రమను ఒక్క మాటతో తుడిచిపెట్టేసిన వాక్యం అది. అందులో అన్యాయం ఉంది. దాచిపెట్టిన సంగతి కూడా ఒకటుంది. ఆ విమానంలో గ్యారీ ఒక్కడే లేడు.

పక్క సీట్లో ఉన్నతని పేరు టామ్ రోలాండర్. ఐబీఎం బృందం కింద ఎదురుచూస్తున్న ఆ గంటల్లో పైన ఎగురుతున్న ఆ మనిషి, అప్పటికే ఒక చిన్న కంప్యూటర్ మీద అనేకమంది ఒకేసారి కూర్చుని పనిచేసుకునే ఏర్పాటు చేసి, దాన్ని మార్కెట్లో పెట్టి ఉన్నాడు. దాని పేరు ఎంపీ/ఎం. విడుదలైంది 1979లో.

వాళ్లు వెళ్లింది షికారుకు కాదు, పని మీద. ఓక్లండ్ విమానాశ్రయం ఆవరణలోనే బిల్ గాడ్‌బౌట్ వ్యాపారం ఉండేది. విడిభాగాలతో, ఎస్-100 తరహా బోర్డులతో కంప్యూటర్లు తయారుచేసే మనిషి. డిజిటల్ రీసెర్చ్‌కు పాత ఖాతాదారు. కాంప్యుప్రో పేరుతో ఆయన తెచ్చిన యంత్రాలు తర్వాత్తర్వాత ఎంపీ/ఎం మీద నలుగురైదుగురు కలిసి పనిచేసే ఆఫీసుల్లో స్థిరపడ్డాయి. సొంతంగా విమానం నడపగలిగినవాడు ఖాతాదారు దగ్గరికి విమానంలో వెళ్లాడు. అంతకుమించి అందులో ఏమీ లేదు.  

అసలు ఈ ఇద్దరూ ఏం సాధించారో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

కిల్డాల్ 1942లో సియాటిల్‌లో పుట్టాడు. వాళ్ల కుటుంబానిది ఓడ నడిపే విద్య నేర్పే బడి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ డాక్టరేట్ చేశాడు. మాంటెరీలోని నౌకాదళ పీజీ కళాశాలలో పాఠాలు చెప్పేవాడు. ఇంటెల్ 4004 అనే చిప్ వచ్చిందని, ధర 25 డాలర్లని ప్రకటన చూశాడు. గది నిండా ఉండే కంప్యూటర్ చేయగల పనిలో కొంతైనా వేలిగోరంత ముక్క చేయగలదన్న ఆలోచనే అతన్ని పట్టుకుని వదల్లేదు. ఇంటెల్‌కు సలహాదారుగా చేరి దాని తర్వాతి చిప్‌ల కోసం పీఎల్/ఎం అనే భాష తయారుచేశాడు. షుగార్ట్ కంపెనీ ఫ్లాపీ డ్రైవ్ ఒకటి సంపాదించాడు. దాన్ని కంప్యూటర్‌కు తగిలించే కంట్రోలర్ చేయడం మాత్రం అతని వల్ల కాలేదు. ఆ పని స్నేహితుడు జాన్ టొరోడ్ చేసిపెట్టాడు. 1974లో ఒక రోజు పసిఫిక్ గ్రోవ్‌లో పేపర్ టేపు మీదున్న ప్రోగ్రామ్‌ను ఫ్లాపీలోకి ఎక్కించి, ఫ్లాపీ నుంచి యంత్రాన్ని లేపితే, ఒక నక్షత్రం గుర్తు వచ్చి నిలబడింది. ఆజ్ఞ కోసం ఎదురుచూస్తున్నానని దానర్థం. ఆ సాయంత్రం స్నేహితులిద్దరూ చవకరకం ఎర్ర ద్రాక్షసారా కూజా ఒకటి ఖాళీ చేస్తూ, ఇది ఎంతదూరం పోతుందో అని మాట్లాడుకున్నారు.

అదే సీపీ/ఎం. అందులో కిల్డాల్ చేసిన తెలివైన పని, యంత్రానికి యంత్రానికీ మారే భాగాన్నంతా ఒక పొరగా విడదీయడం. ఆ పొరకు బయాస్ అని పేరు పెట్టాడు. ఇవాళ్టికీ ఆ మాట వాడుతూనే ఉన్నాం. కొత్త కంప్యూటర్ తెచ్చిన కంపెనీ ఆ చిన్న పొర రాసుకుంటే చాలు, మిగతాదంతా ఉన్నదున్నట్టు నడుస్తుంది. 1981 నాటికి రెండున్నర లక్షలకు పైగా లైసెన్సులు అమ్ముడయ్యాయి.

అయితే సీపీ/ఎంకు ఒక హద్దుంది. ఒక యంత్రం, ఒక మనిషి, ఒక పని. ఉత్తరం ప్రింటవుతుంటే ఆ ప్రింటింగ్ పూర్తయ్యేదాకా మనిషి చేతులు కట్టుకు కూర్చోవాలి. ఆ కాలపు ప్రింటర్లు అక్షరం తర్వాత అక్షరం కొట్టేవి. పది పేజీలకు ఎంతసేపు పట్టేదో ఊహించుకోండి. పైగా హార్డ్ డిస్కు, మంచి ప్రింటరు అంటే కంప్యూటర్‌తో సమానమైన ఖర్చు. చిన్న ఆఫీసు ఒక్కొక్కటే కొనగలిగేది. మరి ముగ్గురు గుమస్తాలున్నచోట ఒక్కరే వాడుకుని మిగతా ఇద్దరూ వరుసలో నిలబడాలా?

ఈ ప్రశ్నకు రోలాండర్ జవాబు ఎంపీ/ఎం.

అష్టావధానం చూసినవాళ్లకు దీని కిటుకు చప్పున అందుతుంది. అవధాని ఒక పృచ్ఛకుడికి పద్యంలో ఒక పాదం చెప్పి రెండోవారి దగ్గరికి వెళతాడు. ఆవృత్తి తిరిగి మొదటివారి వంతు వచ్చేసరికి, పద్యం ఎక్కడ ఆగింది, ఏ ఛందస్సు, ఏ అక్షరం నిషిద్ధం, అన్నీ ధారణలో సిద్ధంగా ఉంటాయి. మధ్యలో అప్రస్తుత ప్రసంగి ఏదో అడిగి అడ్డుపడతాడు. అతనికి జవాబిచ్చి, వదిలినచోటే మళ్లీ అందుకుంటాడు. ఎంపీ/ఎం చేసిందీ అదే. యంత్రంలోని గడియారం సెకనుకు 60 సార్లు గంట కొట్టినట్టు ప్రాసెసర్‌ను తడుతుంది. తట్టిన ప్రతిసారీ ఎంపీ/ఎం లేచి, నడుస్తున్న ప్రోగ్రామ్ ఏ ఆజ్ఞ దగ్గరుందో, ప్రాసెసర్ రిజిస్టర్లలో ఏ అంకెలున్నాయో రాసిపెట్టుకుని, వంతు కోసం చూస్తున్న ఇంకో ప్రోగ్రామ్‌ను అది ఆగినచోటి నుంచి లేపుతుంది. కీబోర్డు ముందున్న మనిషికి ఈ చేతులు మారడం తెలియనే తెలియదు. యంత్రం తనదొక్కడిదే అనిపిస్తుంది.

ఇది పెద్ద కంప్యూటర్లకు అప్పటికే తెలిసిన విద్యే. కానీ రోలాండర్ చేతిలో ఉన్నది ఇంటెల్ 8080, జైలాగ్ జడ్80 లాంటి 8 బిట్ల చిప్‌లు. అవి ఒకసారి చూడగలిగే జ్ఞాపకం 64 కిలోబైట్లు. ఈ వ్యాసంలాంటివి కొన్ని పెడితేనే కిక్కిరిసిపోయే చోటు. అందులో ముగ్గురు, నలుగురు మనుషుల ప్రోగ్రామ్‌లు ఎక్కడ పట్టాలి? అందుకు వాడిన ఉపాయం బ్యాంకులు. పై 16 కిలోబైట్లు అందరికీ ఉమ్మడి. ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అక్కడ ఉంటుంది. కింది 48 కిలోబైట్ల చోట ఒక్కొక్కరికి ఒక్కో జ్ఞాపకపు బోర్డు. వంతు మారినప్పుడల్లా ఒక బ్యాంకు తప్పుకుని ఇంకోటి ఆ స్థానంలోకి వస్తుంది. ప్రాసెసర్ దృష్టిలో ఎప్పుడూ 64 కిలోబైట్లే. అది చూస్తున్నది ఎవరి 48 కిలోబైట్లన్నదే మారుతూ ఉంటుంది.

డిస్కుకూ క్రమశిక్షణ కావాలి. ఇద్దరి ప్రోగ్రామ్‌లు ఒకే క్షణంలో డిస్కు మీద రాయబోతే రెండూ పాడవుతాయి. అందుకని డిస్కు దగ్గర ఒక క్యూ. అనుమతి ఒక్కరికే ఇస్తారు. ఆ పని కాగానే అది తర్వాతివారికి అందుతుంది. మొదటి ఎంపీ/ఎంలో ఫైళ్లకు తాళం వేసే ఏర్పాటు లేదు. ఒకే ఖాతా ఫైలును ఇద్దరు తెరిస్తే ఒకరు దిద్దినదాన్ని రెండోవారు చెరిపేసే ప్రమాదముండేది. 1981లో వచ్చిన ఎంపీ/ఎం 2 ఆ లోటు తీర్చింది. ఫైలుకే కాదు, ఫైలులోని ఒక్కో రికార్డుకూ విడిగా తాళం వేయగలిగింది.

అప్పటి ఒక చిన్న ఆఫీసు ఎలా ఉండేదో చూద్దాం. మూలన లోహపు పెట్టె, దాని నుంచి మూడు తీగలు, మూడు బల్లల మీద మూడు టెర్మినళ్లు. తెర మీద 0A> అని కనిపిస్తుంది. సున్నా ఆ మనిషి యూజర్ నంబరు. ఏ అన్నది డిస్కు. ఒకామె బిల్లులు ఎక్కిస్తోంది. ఇంకొకరు ఉత్తరాలు దిద్దుతున్నారు. మూడో అతను నెలాఖరు లెక్కల ప్రోగ్రామ్ మొదలుపెట్టాడు, చాలాసేపు పట్టేలా ఉంది. కంట్రోల్, డి కలిపి నొక్కాడు. లెక్కల ప్రోగ్రామ్ తెర వదిలి వెనక్కి తప్పుకుంది కానీ ఆగలేదు, తన పని తాను చేసుకుపోతోంది. మళ్లీ 0A> వచ్చింది, ఇతను వేరే పనిలో పడ్డాడు. కాసేపటికి ఎటాచ్ అని టైపు చేస్తే లెక్కలు మళ్లీ తెర మీదికి వస్తాయి. ఎంపీఎంస్టాట్ అని కొడితే లోపల ఏ పని నడుస్తోంది, ఏది ఎదురుచూస్తోంది, మొత్తం చిట్టా కనబడుతుంది. 1979లో, 8 బిట్ల యంత్రం మీద, ఇంత.

లోపాలు లేవని కాదు. ఆ చిప్‌లలో ఒకరి జ్ఞాపకాన్ని ఇంకొకరి నుంచి కాపాడే గోడ లేదు. ఒక ప్రోగ్రామ్ దారితప్పి ఉమ్మడి భాగంలో ఏదైనా చెరిపేస్తే ముగ్గురి తెరలూ ఒకేసారి బిగుసుకుపోయేవి. అందరూ గట్టి పనులు మొదలుపెడితే యంత్రం నత్తనడక నడిచేది. అదనపు జ్ఞాపకానికి డబ్బూ ఎక్కువే. అయినా ఈ దారిలో డిజిటల్ రీసెర్చ్ ఒంటరిది కాదు. క్రోమెమ్‌కో కంపెనీ యునిక్స్ పోలికలతో క్రోమిక్స్ తెచ్చింది. ఐబీఎం బేరాలు నడుస్తున్న ఆ 1980 ఆగస్టులోనే మైక్రోసాఫ్ట్ కూడా యునిక్స్‌ను చిన్న కంప్యూటర్లకు తెస్తున్నానని, పేరు జెనిక్స్ అని ప్రకటించింది. ఈ రంగం తెలిసినవాళ్లందరి చూపూ అప్పుడు ఒకే దిక్కున ఉంది. రాబోయే కంప్యూటర్ ఒకేసారి చాలా పనులు చేయాలి, చాలామందికి చేయాలి.

మళ్లీ పసిఫిక్ గ్రోవ్‌కు వద్దాం. మధ్యాహ్నానికి విమానం తిరిగొచ్చింది. కిల్డాల్, రోలాండర్ చెప్పిన ప్రకారం గ్యారీ ఆ రోజే ఐబీఎం వాళ్లతో కూర్చుని మాట్లాడాడు. శామ్స్ మాత్రం గ్యారీని ఆ రోజు కలిసినట్టు తనకు గుర్తులేదన్నాడు. ఎవరి జ్ఞాపకం వారిది. ఆ బేరం గురించి సాధారణంగా చెప్పే సంగతులు రెండు. పత్రం మీద పీటముడి పడింది, డబ్బు లెక్క కుదరలేదు. ఐబీఎం ఒక్కసారి మొత్తంగా సొమ్మిచ్చి, తాను తేబోయే చిన్న కంప్యూటర్‌లో సీపీ/ఎం వాడుకునే హక్కు తీసుకుంటానంది. కిల్డాల్ ప్రతి కాపీకీ రాయల్టీ అడిగాడు. ఆ కంపెనీ ఊపిరే రాయల్టీ. వేరేవాళ్లందరి దగ్గరా తీసుకుంటున్నదాన్ని ఐబీఎంకు వదిలేస్తే, రేపు ప్రతి ఖాతాదారూ అదే అడుగుతాడు.

ఇంకో చేదు నిజం చెప్పుకోవాలి, ఇది కిల్డాల్ వైపు లోటు. ఐబీఎం ఎంచుకున్న 8088 చిప్‌కు సరిపడే సీపీ/ఎం-86 అప్పటికి సిద్ధంగా లేదు. గ్యారీ మనసు అప్పుడు పీఎల్/1 కంపైలర్ మీద ఉంది. సియాటిల్‌లో ఆ సీపీ/ఎం-86 కోసమే ఎదురుచూసి విసిగిన చిన్న కంపెనీ ఒకటుంది, సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్. అక్కడి టిమ్ ప్యాటర్సన్ అనే యువకుడు, సీపీ/ఎం పద్ధతిలోనే పిలుపులు అందుకునేలా ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ను 1980లో తానే రాసేశాడు. ఐబీఎంకు ఆపరేటింగ్ సిస్టమ్ ఇస్తానన్న మైక్రోసాఫ్ట్ ముందు దాని లైసెన్సు తీసుకుని, 1981 జూలైలో 50,000 డాలర్లకు దాని హక్కులన్నీ కొనేసుకుంది. ఐబీఎం యంత్రంలో పీసీ డాస్ అయింది అదే. దాన్ని ఇతరులకూ అమ్ముకునే హక్కు మైక్రోసాఫ్ట్ వదులుకోలేదు. అసలు సంపదంతా ఆ హక్కులోనే ఉంది.

తన సీపీ/ఎంకు ఇంత దగ్గరి పోలిక చూసి కిల్డాల్ నిలదీశాడు. వ్యాజ్యం లేకుండా ఐబీఎం ఒక రాజీకి వచ్చింది. కొత్త పీసీతో సీపీ/ఎం-86ను కూడా అమ్ముతానంది. 1981 ఆగస్టు 12న పీసీ లోకానికి పరిచయమైంది. దుకాణంలో అరమీద చివరికి కనబడిన ధరలివి: పీసీ డాస్ 40 డాలర్లు, సీపీ/ఎం-86 సుమారు 240 డాలర్లు. ఇక కొనేవాడు ఏది తీసుకుంటాడో అడగాలా? నా దృష్టిలో యుద్ధం ముగిసింది ఆ ధరచీటీ దగ్గర, ఆలస్యమైన ఆ నెలల్లో. విమానానికి అందులో భాగం లేదు.

ఆ రకంగా కోట్ల బల్లల మీదికి చేరిన యంత్రం ఒకసారి ఒక్క పనే చేసేదయింది. మనుషుల అవసరం మాత్రం ఎక్కడికి పోతుంది? డాస్ మీద పనిచేసేవాళ్లు దొంగదారులు వెతుక్కున్నారు. ఒక ప్రోగ్రామ్ జ్ఞాపకంలో మూలన నక్కి కూర్చుని, ఫలానా మీటలు నొక్కగానే తెర మీదికి దూకడం. బోర్లాండ్ కంపెనీ 1984లో తెచ్చిన సైడ్‌కిక్ అలాంటిదే. క్యాలెండరు, లెక్కల యంత్రం, నోటు పుస్తకం చటుక్కున తెరుచుకునేవి. లక్షల మంది డబ్బు పెట్టి కొన్నారంటే ఆ దాహం ఎంతటిదో తెలుస్తుంది. ఇలాంటి ప్రోగ్రామ్‌లు రెండు మూడు ఒకేచోట చేరితే వాటిలో అవి కొట్టుకుని యంత్రాన్ని పడుకోబెట్టేవి. సర్దిచెప్పే పెద్ద ఎవరూ లోపల లేరు కదా.

పసిఫిక్ గ్రోవ్‌లో పని ఆగలేదు. ఎంపీ/ఎంలో నేర్చినదాన్ని ఒక్క మనిషికి పనికొచ్చేలా మలిచి కంకరెంట్ సీపీ/ఎం-86 తెచ్చారు. ఒకే పీసీలో నాలుగు తెరలున్నట్టు. ఒకదానిలో ఉత్తరం రాస్తూ, మీట నొక్కి రెండోదానిలో పట్టిక చూసుకోవచ్చు. ప్రింటింగ్ మూడోదానిలో నడుస్తుంటుంది. తర్వాత డాస్ ప్రోగ్రామ్‌లు కూడా నడిపించేలా కంకరెంట్ డాస్ వచ్చింది. సాంకేతికంగా గొప్ప పని. అప్పటికి జనం డాస్‌కు అలవాటు పడిపోయారు, ప్రోగ్రామ్‌లు రాసేవాళ్లూ అటే వెళ్లారు. పీసీల ధర పడిపోయేకొద్దీ ఒక పెట్టెను ముగ్గురు పంచుకోవలసిన అవసరమూ తగ్గింది, తలా ఒకటి కొని తీగతో కలుపుకోవడం తేలికైంది. 1993లో విండోస్ ఎన్‌టీ ఆఫీసుల్లోకి ప్రవేశించి, 2001లో విండోస్ ఎక్స్‌పీ ఇళ్లలోకి వచ్చేదాకా, ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో ఖాతా, ఒకరి ప్రోగ్రామ్ పడిపోయినా మిగతావి నిలబడే గట్టిదనం మామూలు మనిషికి మైక్రోసాఫ్ట్ నుంచి అందలేదు. రోలాండర్ మొదటి ఎంపీ/ఎంకూ దానికీ మధ్య 22 ఏళ్లు.

కిల్డాల్, రోలాండర్ కలిసి ఇంకో కొత్త దారి కూడా తొక్కారు. 1980ల నడుమ సీడీ-రామ్ అంటే ఏమిటో జనానికి తెలియని రోజుల్లో, గ్రోలియర్ విజ్ఞాన సర్వస్వాన్ని ఒక్క డిస్కు మీదికెక్కించి వెతుక్కునే వీలు కల్పించారు. కంప్యూటర్ క్రానికల్స్ అనే టీవీ కార్యక్రమంలో స్టీవర్ట్ షెఫే పక్కన కూర్చుని కిల్డాల్ ఏళ్లతరబడి కంప్యూటర్ల గురించి ఓపికగా, మెత్తగా వివరించేవాడు. పాత భాగాలు ఇప్పటికీ దొరుకుతాయి, చూడండి. గొప్పలు చెప్పుకునే మాట ఒక్కటి వినబడదు. 1991లో కంపెనీని నోవెల్‌కు అమ్మేశాడు. ఆ షికారు కథ మాత్రం అతన్ని ఎక్కడికి వెళ్లినా వెంటాడింది. తన వైపు మాటను ఒక పుస్తకంగా రాసి స్నేహితులకు మాత్రం పంచాడు. 1994 జూలైలో మాంటెరీలో ఒక బార్‌లో తలకు దెబ్బ తగిలి, రోజుల వ్యవధిలో కన్నుమూశాడు. వయసు 52. ఆ పుస్తకంలో కొన్ని అధ్యాయాలను పిల్లలు 2016లో లోకం ముందు పెట్టారు. అంతకు రెండేళ్ల ముందు, 2014లో, లైట్‌హౌస్ అవెన్యూలోని ఆ ఇంటి ముందు ఐఈఈఈ సంస్థ ఫలకం వేసింది.

ఐబీఎం విషయం ఒకటి మిగిలింది. 1986లో ఆ కంపెనీ పెద్ద దుకాణాల బిల్లింగ్ కౌంటర్ల కోసం 4680 అనే వ్యవస్థ తెచ్చింది. కౌంటర్లన్నీ ఒకేసారి బిల్లులు కొడుతుండాలి, సరుకు లెక్క అదే క్షణంలో మారుతుండాలి, ఏదీ ఇంకోదాని కోసం ఆగకూడదు. అలాంటి పనికి డాస్ పనికిరాదు. ఐబీఎం తన సొంతం వదిలి బయట వెతికింది. 4680 ఆపరేటింగ్ సిస్టమ్‌కు పునాదిగా తీసుకున్నది డిజిటల్ రీసెర్చ్ వారి కంకరెంట్ డాస్ 286ను. దాని వారసుడు 4690 ఎన్నో ఏళ్లపాటు సూపర్‌మార్కెట్లలో బిల్లులు కొడుతూనే ఉంది.